ఆరో మలుపు దగ్గర పదకొండు నిమిషాలు

ఆ వానాకాలమంతా మా అమ్మాయి సాయంత్రం పదకొండు నిమిషాలు ఆలస్యంగా ఇంటికి వచ్చేది. పదీ కాదు, పన్నెండూ కాదు. మొదటి వారం నేను పట్టించుకోలేదు. రెండో వారం నుంచి గడియారం కేసి చూడకుండా ఉండలేకపోయాను.

తనకి కొండ మీది ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం వచ్చింది. వాళ్లమ్మ పందొమ్మిదేళ్లు చేసిన ఉద్యోగమే, ఆ గదులే, ఆ కుర్చీయే. వాళ్లమ్మకి ఒక పద్ధతి ఉండేది. పొద్దున బస్సు మీద సైకిలు వేయించుకుని కొండెక్కేది. సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు కాబట్టి, సైకిలు మీద తొమ్మిది మలుపులు దిగి ఇంటికొచ్చేది. ఆమె పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. పది రోజుల జ్వరం. అమ్మాయి అప్పుడు దూరంగా శిక్షణలో ఉంది. ఉత్త జ్వరమేగా, పరీక్షలయ్యాక రమ్మను అని నా చేత ఫోను చేయించింది ఆమే. అమ్మాయి వచ్చేసరికి ఆసుపత్రి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు.

వానలు మొదలైన ఆదివారం అమ్మాయి వెనక వరండాలోకి వచ్చి నిలబడింది.

"నాన్నా, అమ్మ సైకిలు బయటికి తియ్యి."

సైకిలు పాత దుప్పటి కింద తలకిందులుగా ఉంది. నిలబెట్టి ఉంచితే టైర్లు పాడవుతాయని నేనే దాన్ని సీటు మీద బోర్లించి పెట్టాను. కొండల మీద తొక్కే లావు టైర్ల సైకిలు. దాని బ్రేకులు తీగలతో పట్టేవి కావు. చేతి దగ్గర లివరు నొక్కితే సన్నటి గొట్టంలో నూనె కదిలి, చక్రం మధ్యనున్న ఇనప డిస్కును రెండు ప్యాడ్లు అటూ ఇటూ నుంచి పట్టుకుంటాయి. ఇద్దరం కలిసి సైకిలు తిరగేశాం. అమ్మాయి వెనక బ్రేకు నొక్కింది. లివరు ఏ అడ్డూ లేకుండా వెళ్లి హ్యాండిలుకి తగిలింది.

"ఇదేంటి, పెరుగులో వేలు పెట్టినట్టుంది."

"గాలి చేరింది. నూనెని నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. నువ్వు పెట్టే బలమంతా ఆ బుడగలే తినేస్తున్నాయి."

"పాఠం మొదలుపెట్టావా?"

"తప్పు నాదే. లివరు దగ్గర ఉండే నూనె గిన్నెలో ఎప్పుడూ కాస్త గాలి ఉంటుంది. నేను తలకిందులు చేసేసరికి అది గొట్టంలోకి పాకింది."

నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవాణ్ని. సీసాల్లోనూ గొట్టాల్లోనూ ఉన్నదాని గురించి చెప్పమంటే చెప్పగలను గానీ, ఇంట్లో కుళాయి కారితే చూసేది నా భార్యే. ఆమె పనిముట్ల డబ్బాలో ఒక చిన్న సీసా దొరికింది. దాని మీద కట్లు కట్టే తెల్ల టేపు అంటించి, పెన్నుతో రాసి ఉంది: 'బ్రేకు నూనె. ఇందులో కారుది కలపకూడదు. ముఖ్యంగా మీరు.'

అమ్మాయి అది చదివి నవ్వాపుకుంది. "అమ్మకి నీ మీద ఎంత నమ్మకమో."

గాలి తీయడాన్ని మెకానిక్కులు బ్లీడింగ్ అంటారని చెప్పాను. "అయితే ఇది నా డ్యూటీ" అని తన సంచిలోంచి రెండు సిరంజిలు తెచ్చింది. ఒకదాన్ని నూనెతో నింపి, గోటితో రెండుసార్లు కొట్టి, మొనలోంచి గాలి వదిలింది. మనిషికి ఇచ్చేముందు చేసే పనే అది. ఆ సిరంజిని గొట్టంతో కింద చక్రం దగ్గర తగిలించి, మెల్లగా నొక్కుతూ కూర్చుంది. నేను పైన లివరు దగ్గర మూత తెరిచి చూస్తున్నాను. నల్లబడిన పాత నూనె పైకి వచ్చింది. దాంతో పాటు ఆవగింజలంత బుడగలు, ఒకటి తరవాత ఒకటి. చివరి బుడగ చాలాసేపటికి గానీ రాలేదు. అది అంచు దగ్గర నిలిచి, వణికి, పగిలింది. నా భార్య ఆఖరుసారి ఆ మూత బిగించిన రోజున లోపల ఉండిపోయిన గాలి.

ఇంకొక్క బుడగకి కూడా చోటుండకూడదనుకున్నాను. గిన్నె అంచుదాకా నింపి, పైన ఇంకో చుక్క వేసి మూత బిగించాను. ఆ తరవాత అరిగిపోయిన ప్యాడ్లు తీసి కొత్తవి వేయబోతే, మందంగా ఉండి దూరలేదు. ప్యాడ్లను నెట్టే పిస్టన్లను స్క్రూడ్రైవరుతో వెనక్కి అదిమి, ఎలాగో దూర్చాను. మూత పక్కనుంచి రెండు చుక్కలు కారాయి. తుడిచేసి, మూత మరో చుట్టు బిగించాను.

లివరు రాయిలా ఉంది. "బ్రేకంటే ఇదీ" అన్నాను. అమ్మాయి ముఖంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది.

మొదటిసారి అది జరిగిన సాయంత్రం తను గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెప్పింది.

"నాన్నా, ఆరో మలుపు దగ్గర సైకిలు ఆగిపోయింది."

"ఆపావా, ఆగిందా?"

"ఆగింది. నేను లివరు వదిలేసే ఉన్నాను. మెల్లగా, వెనకనుంచి ఎవరో సీటు పట్టుకున్నట్టు. ఎంత తొక్కినా కదల్లేదు. దిగి నిలబడ్డాను. కాసేపటికి దానంతట అదే వదిలేసింది."

వెనక చక్రం ఎత్తి తిప్పాను. ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. డిస్కు వంకరపోయిందేమోనని పక్కన కాగితం ముక్క పెట్టి చూశాను. తిన్నగానే ఉంది. చక్రం వంకరగా బిగించానేమోనని విప్పి మళ్లీ బిగించాను. ప్యాడ్లను స్పిరిటుతో తుడిచాను. పిస్టన్లు రెండూ సమంగా ముందుకొచ్చి సమంగా వెనక్కి పోతున్నాయి. ఇంట్లో దానికి ఏ లోపమూ లేదు.

మర్నాడు మళ్లీ ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. ఆ చోటే, అంతసేపే.

మా వీధి చివర సైకిళ్లు బాగుచేసే మనిషిని అందరూ గ్రీజు బాబాయి అంటారు. ఆయన చక్రాన్ని రెండు చేతులతో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"సార్, తీగ బ్రేకు తెండి, నిద్రలో కూడా చేస్తాను. ఈ నూనె వ్యవహారం నా బుర్రకెక్కదు. అయినా దీనికేం రోగం? నాకంటే ఆరోగ్యంగా ఉంది."

"రోజూ ఒక్క చోటే ఆగుతోంది బాబాయ్" అంది అమ్మాయి.

"ఒక్క చోటంటే?"

"ఆరో మలుపు. రాతిగోడ పక్కన పైపులోంచి నీళ్లు పడుతుంటాయే, అక్కడ."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆపేశాడు. "ఇది మీ అమ్మ సైకిలు కదమ్మా."

"అవును."

"మనిషి పోయినంత మాత్రాన, ఆ దారిన దిగిన ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?" అని, నా ముఖం చూసి, "ఊరికే అన్నాను సార్" అన్నాడు.

ఆయన ఊరికే అన్నాడు. అమ్మాయి ఊరికే వినలేదు.

ఆ తరవాత తను సైకిలు బాగుచేయమని నన్ను అడగడం మానేసింది. బీరువాలోంచి వాళ్లమ్మ బూడిదరంగు వానకోటు తీసి వేసుకోవడం మొదలుపెట్టింది. ఏడాదిగా కంచంలో వేళ్లు ఆడించి లేచిపోయే పిల్ల, రెండోసారి వడ్డించుకుని తింటోంది. పొద్దున లేపబోతే గాఢనిద్రలో ఉంటోంది. ఒంటరివాడికి ఇలాంటివి చిన్న విషయాలు కావు. కాబట్టి కొన్నాళ్లు నేనూ నోరు మూసుకుని ఊరుకున్నాను.

ఒకరోజు మాత్రం ఆగలేక అడిగాను. "ఆ పదకొండు నిమిషాలూ అక్కడ ఏం చేస్తుంటావు?"

"ఏముంది, రోజంతా ఏం జరిగిందో చెప్తాను."

"ఎవరికి?"

అమ్మాయి కూర వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. "నీకు తెలుసుగా నాన్నా."

వారం తిరక్కుండా, ఒక సాయంత్రం మోచేయి దోక్కుపోయి వచ్చింది. వానకోటు చెయ్యి చిరిగింది. తనే దూదితో తుడుచుకుని, పళ్లు బిగబట్టి మందు రాసుకుంటూ చెప్పింది.

"ఇవాళ ఒక్కసారిగా పట్టేసింది. బురదలో చక్రం జారింది. గోడ వైపు పడ్డాను, ఏం కాలేదు."

గోడ వైపు కాకపోతే రెండో వైపు ఏముందో నాకు తెలుసు. ఏమీ లేదు. చెట్ల తలలు మాత్రం కనపడతాయి.

"అటువైపు పడి ఉంటే?"

"పడలేదుగా. అమ్మ ఇవాళ కాస్త గట్టిగా పట్టుకుంది, అంతే."

ఆ మాట అంటూ తను నవ్వింది. తృప్తిగా, చిన్నపిల్లలా.

"రేపటినుంచి బస్సులో వచ్చెయ్యి. ఎంత ఆలస్యమైనా సరే."

"బస్సు ఆరో మలుపులో ఆగదు నాన్నా" అంది.

ఆదివారం తనకి సెలవు. భోజనం చేసి అమ్మాయి పడుకోగానే, నేను సైకిలు నడిపించుకుంటూ వెళ్లి బస్సు మీద వేయించాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గొడుగు లేకుండా, ఆడవాళ్ల సైకిలుతో. కండక్టరు ఏమీ అనలేదు. అదీ ఒక దయే.

పైన దిగేసరికి వాన వెలిసింది గానీ మబ్బు రోడ్డు మీదికి దిగి ఉంది. ముందు పది అడుగులు తప్ప ఏమీ కనపడదు. ముందు బ్రేకు గట్టిగా పడితే బోర్లా పడతావని నా భార్య అమ్మాయికి చిన్నప్పుడే చెప్పింది. అందుకని అమ్మాయి దిగినన్ని మలుపులూ వెనక బ్రేకు మీద వేలు తీయదు. నేనూ అలాగే దిగాను. మూడో మలుపు దాకా లివరు మామూలుగా ఉంది. నాలుగో మలుపులో కాస్త గట్టిపడింది. అయిదో మలుపు దాటాక వేలితో తాకితే చాలు, పట్టేస్తోంది. అప్పుడు పూర్తిగా వదిలేశాను. రోడ్డు వాలుగానే ఉంది. సైకిలు నెమ్మదించడం మొదలుపెట్టింది.

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అది యంత్రం ఆగినట్టు లేదు. ఎవరో వెనక నడుస్తూ, సీటు మీద చెయ్యి వేసి, ఇక చాలు అన్నట్టు ఆపారు.

దిగాను. రాతిగోడ. పైపులోంచి నీళ్లు. మబ్బులో ఆ నీటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను చదువుకున్నవాణ్ని, చదువు చెప్పినవాణ్ని. అయినా నా నోట్లోంచి ఆ పిలుపు దానంతట అదే వచ్చింది.

"ఏమోయ్."

ఇంట్లో ఏ గదిలో ఉన్నా ఆ ఒక్క పిలుపుకి ఆమె పలికేది. ఆమె పోయాక నేను ఆ మాట ఎక్కడా వాడలేదు, వాడాల్సిన పనీ రాలేదు.

మబ్బులోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

పార ఈడ్చుకుంటూ ఒక ముసలాయన బయటికి వచ్చాడు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే మట్టి తీసే రోడ్డు మేస్త్రి. ఒక కంట్లో పువ్వు వేసింది. రెండో కన్ను చికిలించి నన్ను కాదు, సైకిలుని చూశాడు.

"ఎవరండీ మీరు? ఇది నర్సుగారి సైకిలు."

"నేను ఆవిడ భర్తని."

"అలాగా సార్. ఆవిడ ఇవాళ ఇంకా రాలేదు."

నేను గోడ పట్టుకున్నాను. "రోజూ వస్తుందా?"

"వానలు పడ్డ కాడినుంచీ వస్తూనే ఉంది కదా. మధ్యలో ఏడాదిపైన కనపడలేదు. బదిలీ అయిందేమో అనుకున్నాను. మళ్లీ వచ్చేసింది, ఆ కోటే, ఆ సైకిలే. మనిషి కాస్త చిక్కింది. కోటు టోపీ ముఖం మీదికి దించుకుని ఉంటుంది, పలకరిస్తే చెయ్యి ఊపుతుంది."

అప్పటికి నాకు ఊపిరి అందింది. ఆయన చూస్తున్నది మా అమ్మాయిని. వాళ్లమ్మ కోటులో, వాళ్లమ్మ సైకిలు మీద. ఆ మాట ఆయనకి చెప్పాలనే అనుకున్నాను. ఆ కంట్లో పువ్వు చూసి, ఆయన గొంతులో సంబరం విని, చెప్పలేకపోయాను.

"అంతకుముందు కూడా ఇక్కడే ఆగేదా?"

"ఇక్కడే. ఏళ్ల తరబడి. సైకిలు గోడకి ఆనించి, పక్కన కూర్చునేది. చక్రాన్ని అడిగేది సార్, చల్లారావా, ఇంకా లేదా, అని. పైపులో నీళ్లున్నాయి కదమ్మా, ఇన్ని పొయ్యరాదా అంటే, వేడి ఇనుము మీద చన్నీళ్లు పోస్తే వంకరపోతుంది మేస్త్రీ, దానంతట అది చల్లారాలి, అనేది. పది నిమిషాలు. అప్పుడు లేచేది."

నేను పైపు కింద వేలు తడిపి, ఒక్క చుక్క డిస్కు మీద రాల్చాను. చుయ్‌మని ఆవిరై పోయింది.

ముప్ఫై ఏళ్లు, ప్రతి ఏడూ ప్రయోగశాలలో మొదటి తరగతి రోజున నేను పిల్లలకి చెప్పిన మాట ఒక్కటే. ఏ సీసానీ మెడదాకా నింపకండి, వేడెక్కితే ద్రవం పెరుగుతుంది, దానికి చోటు ఉంచండి. ఆ నేనే వరండాలో కూర్చుని, ఒక్క బుడగకి కూడా చోటు లేకుండా అంచుదాకా నింపి, కారిన రెండు చుక్కలూ తుడిచి, మూత బిగించాను. వేలు తీయకుండా పట్టుకుని దిగితే డిస్కు కాలుతుంది. ఆ వేడికి నూనె పెరుగుతుంది. పెరిగింది ఎటూ పోలేక ప్యాడ్లను నెడుతుంది. పైనుంచి ఆరో మలుపు దాకా దిగేసరికి సరిగ్గా అంత వేడి పుడుతుంది. నా భార్యకీ ఇక్కడికొచ్చేసరికి అంత వేడే పుట్టేది. కాకపోతే ఆమె బ్రేకులో నూనెకి చోటుండేది. సైకిలు ఆగేది కాదు. ఆమె ఆగేది.

ఇలా లెక్క తేలుతుండగానే, గోడకి ఆనించిన సైకిలు టిక్కుమంది. చక్రం వదులైంది. ఎవరూ తాకకుండానే అది జానెడు ముందుకి దొర్లి, హ్యాండిలు కాస్త పక్కకి తిప్పి, నా వైపు చూస్తున్నట్టు నిలబడింది. చేతి గడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

"వదిలేసింది సార్. ఇక బయల్దేరండి" అన్నాడు మేస్త్రి.

కారణం తెలిశాక కూడా, నడిపించుకుంటూ దిగుతున్నంతసేపూ నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చి నేను ఆ మూత తెరవలేదు. ఆ వేడికి ఇంకొంచెం తోడైతే చక్రం మలుపు మధ్యలో బిగుసుకుంటుందని నాకు తెలుసు. ఇంకా కాలితే నూనె మరిగి, అసలు బ్రేకే ఉండదనీ తెలుసు. తెలిసీ సోమవారం అమ్మాయిని పంపించాను. మంగళవారం పంపించాను. ఆ రెండు సాయంత్రాలూ తను పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మంగళవారం భోజనాల దగ్గర నేనే అడిగాను.

"ఇవాళ ఏం చెప్పావు?"

"ఒక పసివాడికి సూది వేస్తే, ఏడవకుండా నన్నే ఓదార్చాడని చెప్పాను."

"రేపు వెళ్లినప్పుడు, నేను బీపీ మాత్రలు వేళకి వేసుకుంటున్నానని చెప్పు."

"సరే, చెప్తాను" అంది, మజ్జిగ పోసుకుంటూ. పక్కింటికి కబురు తీసుకెళ్లమన్నట్టే, అంత మామూలుగా.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఒక పిల్లని ప్రతి సాయంత్రం లోయ అంచుకి పంపించి, వాళ్లమ్మకి కబురు చెప్పి రమ్మంటున్నాను.

బుధవారం పొద్దున, బస్సుకి ఇంకా గంట ఉండగా, సైకిలుని ముందు గదిలోకి తెచ్చి కిటికీ దగ్గర నిలబెట్టాను. తనకి తెలియకుండా చేయదలచుకోలేదు. అమ్మాయి జడ వేసుకుంటూ వచ్చి, నా చేతిలో సిరంజి చూసింది.

"ఏం చేస్తున్నావు?"

"వెనక బ్రేకులో నూనె ఎక్కువైంది. కొంచెం తీయాలి."

"ముట్టుకోకు నాన్నా."

"ఆదివారం నేను దిగి చూశాను. నాకూ ఆగింది."

జడ మధ్యలో తన చేతులు ఆగిపోయాయి. "నీకూ ఆగిందా? మరి తెలిసి కూడా ఎందుకు తీస్తావు?"

మొత్తం చెప్పాను. నింపింది, కారింది, బిగించింది. వేడి, నూనె, చోటు. పిల్లలకి పాఠం చెప్పినట్టు కాక, నేరం ఒప్పుకున్నట్టు చెప్పాను. తను సైకిలు వంకే చూస్తూ వింది.

"ఎంత తీయాలి?"

"ఒకటిన్నర మిల్లీలీటరు ఉంటుందేమో."

"అంతేనా?" అంది. "అమ్మ అంతేనా?"

"అది అమ్మ కాదురా. అది నేను."

కిటికీ అవతల వాన పట్టుకుంది. నేను సిరంజి కింద పెట్టి, అదొక్కటే కాదు, ఇంకోటి కూడా ఉందని, మేస్త్రి చెప్పింది చెప్పాను. చక్రం పక్కన కూర్చోవడం, చల్లారావా అని అడగడం, పది నిమిషాలకి లేవడం.

"ఆమెని ఏ బ్రేకూ ఆపలేదు. ఏళ్ల తరబడి రోజూ అక్కడ తనే ఆగింది" అన్నాను.

అమ్మాయి జడ పూర్తి చేసుకుంది. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"సిరంజి ఇలా ఇవ్వు. ఇది నా డ్యూటీ."

నేను ప్యాడ్లు తీసి, పిస్టన్లను ఈసారి చెక్కముక్కతో మెల్లగా, చివరికంటా వెనక్కి నొక్కాను. పైన గిన్నెలో నూనె ఉబికి, అంచు మీద గుండ్రంగా నిలబడింది. అమ్మాయి సిరంజి మొన దానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా లాగింది. ఒకటి. ఒకటింపావు. ఒకటిన్నర దాటి రెండు గీతలు. వెలుతురుకి ఎత్తి చూసింది. లేత ఎరుపు రంగు. అందులో ఏమీ లేదు. ఎక్కడ పారబోయాలని తను అడగలేదు. వంటింట్లోకి వెళ్లి, పారేయాల్సిన నూనె డబ్బాలో వంచి, సిరంజి కడిగి వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఇంట్లో కూర్చోలేక, కొండరోడ్డు మొదట్లో ఉన్న టైర్ల దుకాణం చూరు కింద నిలబడ్డాను. ఆగకుండా దిగితే తను అయిదూ నలభైకి అక్కడికి రావాలి. అయిదూ నలభై అయింది. నూనె తీసేటప్పుడు ఒక బుడగ లోపలికి పోయి ఉండదుగదా? పొద్దున లివరు మూడుసార్లు నొక్కి చూశాను. నాలుగోసారి చూడలేదు. అయిదూ యాభై ఒకటి అయింది. అంటే మళ్లీ ఆగిందన్నమాట. రెండు గీతలు ఎక్కువే తీశాం, ఎలా ఆగుతుంది? రోడ్డు మీద ఎవరూ లేరు. నా వెనక, చూరు కింద, ఇంకెవరో కూడా నిలబడి ఎదురు చూస్తున్నట్టనిపించింది. తిరిగి చూడలేదు. యాభై అయిదు. ఆరు.

ఆరూ నాలుగుకి మలుపు తిరిగి బూడిదరంగు కోటు కనపడింది. నెమ్మదిగా, తిన్నగా వచ్చి, నా ముందు బ్రేకు పట్టి దిగింది. టోపీ వెనక్కి పడి ఉంది. జుట్టంతా తడిసింది.

"ఆగిందా?" అన్నాను.

"లేదు నాన్నా. అయిదో మలుపు నుంచీ చూస్తూనే ఉన్నాను. ఎక్కడా పట్టలేదు. ఆరో మలుపు దాటేసి ఏడో మలుపు దాకా వెళ్లిపోయింది."

"మరి ఇంతసేపు?"

"దిగి వెనక్కి తోసుకెళ్లాను."

నేను తన చేతిలోంచి హ్యాండిలు అందుకున్నాను. ఇద్దరం ఇంటివైపు నడవడం మొదలుపెట్టాం.

"గోడకి ఆనించి కూర్చున్నాను. మేస్త్రి వచ్చాడు. ఏంటమ్మా నర్సుగారూ, ఇవాళ మలుపు దాటిపోయి మళ్లీ వచ్చారు అన్నాడు. టోపీ తీశాను. దగ్గరికొచ్చి చూసి, నువ్వెవరమ్మా, ఆవిడ ఏది, అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"పోయిందని చెప్పాను. ఏడాది దాటిందని." తను కోటు చేత్తో ముఖం తుడుచుకుంది. "నేను ఆవిడ కూతుర్నని."

వెనక చక్రం ఎక్కడా రాసుకోకుండా తిరుగుతోంది.

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. పార గోడకి ఆనించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చక్రం చల్లారేదాకా."